ప్రార్థన మధ్యలో "ఆమెన్" అని అరిచే నాలుగేళ్ల బాబు: సమాధానం

వందనాలు అక్కా. బాబు రాత్రి కుటుంబ ప్రార్థన మధ్యలో "ఆమెన్" అని అరిచి లేచిపోతున్నాడని, అత్తగారేమో "పిల్లాడికి భయభక్తులు లేవు" అంటున్నారని రాశారు. నాకైతే వాడు బాగానే వింటున్నాడనిపిస్తోంది. ఆమెన్ అంటే అయిపోతుందని, అయిపోతే అన్నం పెడతారని కనిపెట్టేశాడు!

ముందు వేళ మార్చండి. ఆకలి మీద పావుగంట కళ్లు మూసుకోవడం పెద్దవాళ్లకే కష్టం. వాడికి ముందే అన్నం పెట్టేయండి. తర్వాత పని అప్పగించండి: చాప పరచడం, చివర్లో ఆమెన్ చెప్పడం. మా చిన్నది ఆ ఆమెన్ కోసమే కాచుక్కూచుంటుంది. వాళ్ల నాన్న ప్రార్థన సాగదీస్తే మోకాలి మీద గిల్లుతుంది.

బైబిల్ వాక్యానికి 117వ కీర్తన తీసుకోండి, రెండే వచనాలు. 119వది 176 వచనాలు, దాని జోలికి ఇప్పుడే వద్దు. కథలకైతే లూకా సువార్త 5వ అధ్యాయంలో వల పిగిలిపోయేన్ని చేపలు పడ్డ కథ చెప్పండి. మన నరసాపురం, అంతర్వేది వైపు పిల్లలకు వల అంటే ఏంటో విడమర్చక్కర్లేదు. "పులస పడిందా?" అంటాడు, అననివ్వండి.

అత్తగారితో వాదన పెట్టుకోకండి. పాట ఎత్తే పని ఆవిడకిచ్చి, బాబుని ఆవిడ ఒళ్లో కూర్చోబెట్టండి, చాలావరకు సర్దుకుంటుంది.

ఇక కానుకల సంచిలోంచి రూపాయి తీశాడన్నారు కదా, వచ్చే ఆదివారం వాడి చేత్తోనే వేయించండి. అందరి ముందూ మాత్రం తిట్టకండి.