300 పరిశోధన పేపర్లు చూసి భయపడుతున్న మా అమ్మాయికి ఏం చెప్పాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఎంబీబీఎస్ రెండో సంవత్సరం. మా నాన్నగారికి పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు) ఉంది. అది చూసే కాబోలు, నిద్ర, మెదడు జబ్బుల మీద పరిశోధన చేస్తానంటోంది. ఈ రంగంలో ఒక ప్రొఫెసర్‌గారి పేరు మీద 300కు పైగా పేపర్లున్నాయట. అది చూసి 'నా వల్ల అవుతుందా' అని టెన్షన్ పడుతోంది. ఈలోగా డబ్బు కడితే పేపర్‌లో పేరు వేయిస్తామని ఎవరో ఫోన్ చేశారు. ఏం చేయమంటారు? (ఒక తండ్రి, వరంగల్)

జవాబు: ముందు ఆ ఫోన్ సంగతి. ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. చేయని పనికి పేరు వేయించుకోవడం పరిశోధనలో మోసమే. రేపు ఆ పత్రిక పేపర్‌ను వెనక్కి తీసుకుంటే ఆ ముద్ర పబ్‌మెడ్‌లో (వైద్య పేపర్ల ఆన్‌లైన్ జాబితాలో) అమ్మాయి పేరుతోపాటు అలాగే ఉండిపోతుంది. చదువుకునే పిల్లకు ఆ మచ్చ ఎందుకండీ?

ఇక 300 పేపర్లు. అవి ఒక్కరే కూర్చుని రాసినవి కావు. వైద్య పరిశోధనలో మొదటి పేరు సాధారణంగా ఎక్కువ పని చేసి రాసినవారిది, చివరి పేరు ఆ బృందాన్ని నడిపించే పెద్దవారిది. ప్రొఫెసర్‌గారి జాబితాను కింది నుంచి, అంటే పాత పేపర్ల నుంచి చదవమనండి. మొదట్లో ఏడాదికి ఒకటో రెండో కనిపిస్తాయి. తర్వాతి వాటిలో ఆయన పేరు చివరికి వెళ్లి, మొదటి పేరుగా విద్యార్థులు కనిపిస్తున్నారంటే ఆయన మంచి గైడ్ అయి ఉండొచ్చు. పేపర్ల లెక్క కన్నా నేను దీనికే ఎక్కువ విలువ ఇస్తాను.

అమ్మాయికి ఇంకొక పేరు చెప్పండి: కార్లోస్ షెంక్. అమెరికాలోని మిన్నియాపొలిస్‌లో సైకియాట్రిస్టు. కలలు వచ్చే నిద్రలో మన కండరాలు మామూలుగా పట్టు వదిలేస్తాయి. కొందరిలో అలా జరగదు. కలలో ఎవరో మీద పడుతుంటే మంచం మీదే గుద్దుతారు, తంతారు, కేకలు వేస్తారు. పిల్లుల మెదడులో ఒక చిన్న భాగం దెబ్బతింటే ఇలాగే అవుతుందని ఫ్రాన్స్‌లో మిషెల్ జువే 1965లోనే చూపించారు. మనుషుల్లో దీన్ని ఒక కొత్త జబ్బుగా షెంక్, మార్క్ మహోవాల్డ్ బృందం 1986లో గుర్తించి రాసింది. ఆ పేపర్‌లో రోగులు ఎంతమందో తెలుసా? ఐదుగురే.

వాళ్లు అక్కడితో ఆగలేదు. ఇదే జబ్బున్న 29 మంది పెద్ద వయసు మగవాళ్లను ఏళ్ల తరబడి చూస్తూ వచ్చారు. వాళ్లలో 38 శాతం మందికి పార్కిన్సన్స్ లక్షణాలు వచ్చాయని 1996లో రాశారు. తర్వాత 16 ఏళ్లకు మళ్లీ చూస్తే, వివరాలు దొరికిన 26 మందిలో 21 మందికి పార్కిన్సన్స్ లాంటి జబ్బో, మతిమరుపు జబ్బో వచ్చింది. 2013లో ఆ పేపర్ వచ్చింది. 2019 నాటికి మాంట్రియల్‌కు చెందిన రొనాల్డ్ పోస్తూమా ముందుండి, 24 కేంద్రాల్లోని 1,280 మంది రోగులతో ఇదే ప్రశ్నను ఇంకా పెద్దగా పరిశీలించారు. ఐదుగురు రోగులతో మొదలైన సంగతి అంత దూరం వెళ్లింది. నాకైతే ఇది తలచుకున్నప్పుడల్లా ఒళ్లు పులకరిస్తుంది.

ఇప్పుడు చేయాల్సింది చిన్నదే. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వారి ఎస్‌టీఎస్ అనే స్వల్పకాలిక పరిశోధన పథకం ఎంబీబీఎస్, బీడీఎస్ విద్యార్థుల కోసం ఉంది. కాలేజీలో ఒక గైడ్ దగ్గర రెండు నెలల పని. న్యూరాలజీ లేదా ఫిజియాలజీ విభాగంలో ఓపికగా నేర్పే మేడమ్‌నో, సార్‌నో ఇప్పుడే కలవమనండి. పీజీ ఏ బ్రాంచ్ అన్నది తర్వాత చూసుకోవచ్చు. మన దగ్గర నిద్ర జబ్బుల వైపు న్యూరాలజీ నుంచే కాదు, పల్మనాలజీ, సైకియాట్రీ, ఈఎన్‌టీ నుంచి కూడా వస్తారు.

మరొక్క మాట. మీ నాన్నగారు నిద్రలో కేకలు వేయడం, చేతులు విసరడం ఎప్పుడైనా ఉండేదా? ఉంటే చేతుల వణుకు కన్నా ఎన్నేళ్ల ముందు మొదలైంది? అది పక్కన పడుకున్నవాళ్లకే తెలుస్తుంది. అమ్మాయిని వాళ్ల నానమ్మ పక్కన కూర్చుని, అడిగి, తేదీలతో రాయమనండి. ఈసారి న్యూరాలజిస్టు దగ్గరకు వెళ్లేటప్పుడు ఆ కాగితం తీసుకెళ్లండి.