మాంట్రియల్‌లో ఫ్రెంచ్ భయం: సంతతో మొదలుపెట్టండి

మాంట్రియల్ వచ్చి ఆరు నెలలైనా ఫ్రెంచ్ రాదన్న టెన్షన్‌తో ఎక్కడికీ వెళ్లడం లేదని, పైగా శాకాహారులమని రాశారు. మీ ఇబ్బంది నాకు తెలుసండి, మొదటి ఏడాది నేనూ అలాగే గడిపాను.

ఈ శనివారం జాన్-తలోన్ మార్కెట్‌కి వెళ్లండి. 1933 నుంచి ఉన్న సంత అది, మెట్రో దిగి నడిచి వెళ్లొచ్చు. ముందుగా "బోంజూర్" అనండి, ధర అడగడానికి "సే కోంబియాఁ?" చాలు. తర్వాత ఇంగ్లీషులోకి మారినా పర్వాలేదు. పలకరించకుండా నేరుగా అడగడమే ఇక్కడ మర్యాద కాదు.

ఇక్కడి వంటకం పూటిన్ తినేముందు మాత్రం జాగ్రత్త. బంగాళాదుంప వేపుడు, చీజ్ ముక్కల మీద పోసే గ్రేవీ సాధారణంగా మాంసం రసంతో చేస్తారు. "సోస్ వెజెటారియెన్" ఉందా అని అడగండి.

మార్చి, ఏప్రిల్‌లో "షుగర్ షాక్"కి, అంటే మేపుల్ చెట్ల రసం కాచి సిరప్ చేసే పాకకి, తప్పకుండా వెళ్లండి. సుమారు 40 లీటర్ల మేపుల్ రసం కాస్తే ఒక లీటరు సిరప్ వస్తుంది. ఆ వేడి పాకాన్ని మంచు మీద పోసి పుల్లకి చుట్టి ఇస్తారు. మన ఊళ్లో బెల్లం వండే చోటు గుర్తొచ్చి నాకు కళ్లు చెమర్చాయి. అక్కడి బీన్స్‌లో, బఠాణీ సూప్‌లో తరచూ పంది మాంసం ఉంటుంది, అడిగి తినండి.

ఇంకో మాట. మాంట్రియల్ ఉన్న ఈ క్యుబెక్ రాష్ట్రంలో "దినే" అంటే మధ్యాహ్న భోజనం, రాత్రిది "సూపే". ఎవరైనా దినేకి పిలిస్తే పన్నెండింటికే వెళ్లండి!