గణిత శాఖలో తరగతులు కాక ఇంకే కార్యక్రమాలకు సమయం ఇవ్వాలి?

ఎమ్మెస్సీ మొదటి సంవత్సరంలో ఉన్నాననీ, శాఖలో జరిగే కొలోక్వియం (ఆహ్వానిత వక్త ఇచ్చే పరిశోధనా ప్రసంగం), విద్యార్థుల సెమినార్, సమస్యా సాధన బృందం, వేసవి ప్రాజెక్టు అన్నింటికీ సమయం చాలడం లేదనీ మీరు రాశారు. ఎమ్మెస్సీ విద్యార్థిగానూ, తర్వాత పరిశోధక విద్యార్థిగానూ వీటన్నింటిలో కూర్చున్నవాణ్ని కనుక చెబుతున్నాను: ఒక్కదానికే వీలుంటే విద్యార్థుల సెమినార్‌కు వెళ్లండి, అదీ వినడానికి కాదు, మాట్లాడడానికి.

నా మొదటి ప్రసంగానికి ఏకరూప అభిసరణం, అంటే శ్రేణి అన్ని బిందువుల వద్దా ఒకే తీరులో తన మొత్తానికి చేరువవడం, అంశంగా వచ్చింది. దాని నిర్వచనం నాకు కంఠతా వచ్చు, పరీక్షలో మార్కులూ వచ్చాయి. అవిచ్ఛిన్న (గ్రాఫులో తెంపు లేని) ప్రమేయాల శ్రేణి అభిసరిస్తే దాని మొత్తం కూడా అవిచ్ఛిన్నమేనని గణితవేత్త కోషీ 1821లో రాశాడనీ, దానికి మినహాయింపులున్నాయని మరో గణితవేత్త ఆబెల్ 1826లో ఎత్తిచూపాడనీ చెప్పి, ఆబెల్ ఇచ్చిన శ్రేణినే బోర్డు మీద వేశాను: సైన్ ఎక్స్ నుంచి సైన్ రెండు ఎక్స్‌లో సగం తీసేసి, సైన్ మూడు ఎక్స్‌లో మూడో వంతు కలిపి, అలా గుర్తులు మారుతూ పోయే శ్రేణి. మొత్తం ఎక్స్‌లో సగమని ధీమాగా రాశాను. వెనక వరుసలోంచి ఒక సీనియర్, "ఎక్స్ విలువ సరిగ్గా ‘పై’ అయితే?" అని అడిగారు. అప్పుడు ప్రతి పదమూ సున్నా, కాబట్టి మొత్తమూ సున్నా. అయితే ఎడమవైపు నుంచి ఆ బిందువును సమీపిస్తే మొత్తం ‘పై’లో సగానికి చేరువవుతుంది. ఆబెల్ చెప్పిన తెంపు అక్కడే ఉందని సుద్దముక్క చేతిలో పట్టుకుని నిలబడినప్పుడు గానీ నాకు తెలియలేదు. నిర్వచనం ఎందుకు అలా ఉందో ఆ రోజే అర్థమైంది.

కొలోక్వియం సంగతి వేరు. మొదటి పావుగంట తర్వాత ఏమీ అర్థం కాకపోతే నొచ్చుకోకండి, వెనక కూర్చున్న అధ్యాపకుల్లోనూ కొందరిది అదే పరిస్థితి. తెలిసినంతలో ఒక ప్రశ్న రాసిపెట్టుకుని, ప్రసంగం ముగిశాక టీ దగ్గర వక్తను అడగండి. హాలులో అందరి ముందు చెప్పనివి చాలామంది అక్కడ ఓపికగా చెబుతారు.

సమస్యా సాధన బృందంలో పుట్నం అనే, అమెరికా, కెనడా కళాశాల విద్యార్థుల గణిత పోటీలో వచ్చిన పాత ప్రశ్నలు చేస్తారు. ఆ పోటీలో ఆరు గంటల్లో 12 సమస్యలు, మొత్తం 120 మార్కులు. పాల్గొన్నవారిలో సగం మందికి ఒకటి రెండు మార్కులకు మించి రాని సంవత్సరాలు చాలానే ఉన్నాయి. అందువల్ల ఒక సాయంత్రమంతా ఒక్క సమస్యతోనే గడిచినా నష్టం లేదు. వేసవి ప్రాజెక్టు గురించి ఇప్పుడే ఆలోచించనక్కరలేదు, సెమినార్‌లో మీరు మాట్లాడడం విన్న అధ్యాపకులే తర్వాత పిలిచి అంశం సూచించే అవకాశం ఉంది.

ప్రసంగానికి స్లైడ్లు వద్దు, బోర్డు మీదే రాయండి. ముందు రోజు ఖాళీ తరగతి గదిలో ఒక స్నేహితుణ్ని కూర్చోబెట్టి ఒక్క ఉపపత్తిని పూర్తిగా చెప్పి చూడండి, నేను ఆ పని చేయకుండానే వెళ్లాను.