మీ ఎక్సెల్ షీటులో చివరి తేదీయే మీ కేసును ముంచుతుంది

సందేహం: నేను రిటైర్డ్ టీచర్ని. మాది మిర్యాలగూడ. 2014 ఏప్రిల్‌లో రిటైర్మెంట్ డబ్బులోంచి 20 లక్షలు మా బావమరిది రైస్‌మిల్లులో పెట్టాను. నాకు 40 పాళ్లు, అతనికి 60 పాళ్లు అని స్టాంపు కాగితం మీద రాసుకున్నాం. ఎన్నేళ్లకో రాసుకోలేదు, రిజిస్టర్ చేయించలేదు. 2015 నుంచి 2019 దాకా ఏటా మార్చిలో 2 లక్షల చొప్పున ఇచ్చాడు. ఆ తర్వాత రూపాయి లేదు. మిల్లు మాత్రం 2022 యాసంగి (రబీ) ధాన్యం దాకా ఆడింది. ఆ దసరాకి అత్తగారింట్లో అందరి ముందూ ‘నా లెక్క తేల్చు, నేను తప్పుకుంటా’ అన్నాను. ‘చూద్దాం బావా’ అన్నాడు. ఇప్పుడు ఫోన్ ఎత్తడు. బియ్యంలో రంగు మారిన గింజలు ఏరే సార్టెక్స్ మిషన్ అమ్మకానికి పెట్టాడని విన్నాను. నా భార్యకు పుట్టింటి గడప దూరమైంది. ఎంబీఏ చదివిన మా అబ్బాయి ఎన్‌పీవీ (వేర్వేరు తేదీల డబ్బును ఒకే రోజు విలువకు తెచ్చి చూసే లెక్క) పద్ధతిలో 18 శాతం చొప్పున లెక్కగట్టి, ఈ ఏప్రిల్ 2025కి 85 లక్షలు రావాలని తేల్చాడు. ఆ షీటును కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టాడు, నోటీసు కూడా రాశాడు. పంపమంటారా? 2014లో అతను సంతకం చేసి ఇచ్చిన ఖాళీ ప్రామిసరీ నోటు నా దగ్గరుంది. దాన్ని నింపి దావా వేస్తే త్వరగా తేలుతుందంటున్నారు. చీటింగ్ కేసు పెట్టలేమా? షీటు, నోటీసు ప్రతి, మిల్లు చిట్టాలోని ఒక పేజీ ఫొటో జతచేశాను.

జవాబు: మాస్టారూ, ఆ నోటీసు పంపకండి. ముందు ఆ ఒక్కటీ ఆపండి, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

మీ అబ్బాయి షీటులో పై నుంచి కింది దాకా చూశాను. చివరి వరసలో ‘31-03-2019, వ్యాపారం మూత, మిగులు విలువ సున్నా’ అని ఉంది. నోటీసులో అదే మాటను ‘2019 మార్చి 31న వ్యాపారం మూతపడినప్పటి నుంచి’ అని రాశాడు. మీ ఉత్తరంలోనేమో మిల్లు 2022 యాసంగి దాకా ఆడిందని మీరే రాశారు. ఈ రెండు తేదీల మధ్య తేడాయే మీ కేసు. బావమరిది మంచివాడా కాడా, మీ శ్రీమతి పుట్టింటికి వెళ్లగలుగుతున్నారా లేదా, 85 లక్షలు సబబేనా అన్నవన్నీ దీని తర్వాతి సంగతులు.

ఎందుకో చెబుతాను. భాగస్వామ్య సంస్థ రద్దయ్యాక లెక్కలు చూసి వాటా ఇప్పించమని వేసే దావాకు లిమిటేషన్ చట్టం 5వ ఆర్టికల్ ప్రకారం గడువు మూడేళ్లు. సంస్థ రద్దయిన రోజు నుంచి ఆ గడువు మొదలవుతుంది. డబ్బు పెట్టిన రోజునో, లాభాలు ఆగిపోయిన రోజునో పట్టుకుని లెక్కపెట్టరు. 2019 మార్చి 31నే సంస్థ ముగిసిందని మీరే ఒప్పుకుంటే ఏమవుతుంది? కరోనా కాలంలో 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా ఉన్న రోజుల్ని సుప్రీంకోర్టు గడువు లెక్కలోంచి తీసేసింది. ఆ సడలింపు కలుపుకున్నా 2024 మార్చి మధ్యకల్లా మీ దావాకు కాలదోషం పట్టినట్టే. 85 లక్షలు అడుగుతూ రాసిన కాగితమే మీకు పైసా రాకుండా చేస్తుంది. అవతలి లాయరు దాన్ని చూడగానే ‘వాది స్వయంగా ఒప్పుకున్న తేదీ’ అని కౌంటర్లో మొదటి పేరాలోనే రాస్తాడు.

మీ అబ్బాయి తప్పు చేశాడని కాదు. ఎన్‌పీవీ కట్టాలంటే డబ్బు రాకపోకల వరస ఎక్కడో ఒకచోట ముగియాలి. డబ్బు రావడం ఆగిన రోజును అతను ముగింపుగా తీసుకున్నాడు. పెట్టుబడి లెక్కకు అది సరే. కానీ డబ్బు ఆగడం వేరు, సంస్థ రద్దవడం వేరు. లాభం పంచకపోయినా భాగస్వామ్యం బతికే ఉంటుంది. అయితే ఆ షీటును ముప్పైమంది చూసే గ్రూపులో పెట్టడం మాత్రం అజాగ్రత్త. బావమరిది కూడా ఆ గ్రూపులో ఉన్నాడేమో మీరు రాయలేదు. ఉంటే స్క్రీన్‌షాట్ ఈపాటికి అతని దగ్గరుంటుంది. అది మీ అబ్బాయి రాసింది, మీరు రాసింది కాదు. ఒప్పుకోలును కూడా సాక్ష్యంతో వివరించి కాదనిపించుకోవచ్చు. కాబట్టి ‘మా అబ్బాయి లెక్కే నా లెక్క’ అని ఎక్కడా రాయకండి, అనకండి.

ఇప్పుడు ఆ 85 లక్షల సంగతి. అవే అంకెల్ని నేను మళ్లీ వేసి చూశాను. 20 లక్షలు పెట్టి, ఐదేళ్లు 2 లక్షల చొప్పున తీసుకుంటే, 18 శాతం రేటున ఈ ఏప్రిల్‌కి సుమారు 85 లక్షల లోటు తేలుతుంది. నిజమే. రేటు 12 శాతం చేయండి, అది 44.5 లక్షలవుతుంది. 6 శాతం చేయండి, 22 లక్షలకు దిగుతుంది. ఒక్క గడిలో అంకె మారిస్తే నాలుగో వంతుకు పడిపోయే మొత్తాన్ని జడ్జి ముందు ‘నాకు రావలసిన బాకీ’ అని ఎలా పెడతారు? ‘18 శాతం ఎవరు ఒప్పుకున్నారు?’ అన్నదే మొదటి ప్రశ్న. మీ ఒప్పందంలో వడ్డీ మాట లేదు. భాగస్వామ్య చట్టం 1932లో 13వ సెక్షన్ చూడండి. పెట్టుబడి మీద వడ్డీ ఇవ్వాలని ఒప్పందంలో రాసుకున్నా, అది లాభాల్లోంచే ఇవ్వాలి. రాసుకోకపోతే అసలు లేదు. పెట్టుబడికి మించి సంస్థకు అప్పుగా ఇచ్చిన సొమ్ముకు మాత్రం 6 శాతం ఉంది. మీరు అలా ఇచ్చింది ఏమీ కనిపించడం లేదు. భాగస్వామి తప్పుకున్నాక లెక్క తేల్చకుండా మిగిలినవాళ్లు అతని వాటా సొత్తుతో వ్యాపారం సాగిస్తే, 37వ సెక్షన్ కింద ఆ లాభాల్లో వాటాగానీ 6 శాతం వడ్డీగానీ కోరుకోవచ్చు. చట్టంలో మీకు దొరికే కొలబద్ద ఇది.

ఎన్‌పీవీ అనేది డబ్బు పెట్టాలా వద్దా అని ముందుగా తేల్చుకోవడానికి పుట్టిన లెక్క. గడిచిన పెట్టుబడికి వేస్తే, ఆ నిర్ణయం మంచిదా కాదా అన్నది తెలుస్తుంది. 2014లో ఈ మిల్లులో పెట్టకుండా బ్యాంకులో వేసుకుని ఉంటే మేలేనా అని మీకు మీరు తెలుసుకోవచ్చు. కానీ మీకు కలిసిరాని అవకాశమంతా అవతలివాడు తీర్చవలసిన అప్పు కాదు. వ్యాపారంలో భాగస్వామి అయ్యారంటే నష్టంలోనూ 40 పాళ్లు మీవే.

ఈ నష్టం మాట మిమ్మల్ని భయపెట్టడానికి అనడం లేదు. మిల్లు పేరిట బ్యాంకులో క్యాష్ క్రెడిట్ (వ్యాపార అప్పు) ఉందా? సివిల్ సప్లైస్ వాళ్లు ఆడించమని ఇచ్చిన ధాన్యానికి సీఎంఆర్ (ఆడించి ప్రభుత్వానికి తిరిగి ఇవ్వాల్సిన) బియ్యం పూర్తిగా అప్పగించారా? బయటివాళ్లకు సంస్థ పడిన బాకీకి భాగస్వాములిద్దరూ కలిసీ, విడివిడిగానూ బాధ్యులే. ఎవరి దగ్గర ఆస్తి కనిపిస్తే వాళ్ల దగ్గరికే వస్తారు. సీఎంఆర్ బాకీ అయితే రెవెన్యూ రికవరీ దాకా పోతుంది. రద్దు లెక్కలో 48వ సెక్షన్ ప్రకారం ముందు బయటి అప్పులు తీరాలి, తర్వాత భాగస్వాములు ఇచ్చిన అప్పులు, ఆ తర్వాతే పెట్టుబడులు, చివర మిగిలితే పంపకం. మీ షీటులో ఈ వరసలు ఒక్కటీ లేవు. దావా వేసే ముందు బ్యాంకులోనూ, సివిల్ సప్లైస్ జిల్లా ఆఫీసులోనూ ఈ రెండు బాకీలు కనుక్కోండి.

ఖాళీ నోటు గురించి గట్టిగా చెప్పాలి. దాన్ని నింపకండి. ఈనాటి తేదీ వేసి, 85 లక్షలని రాసి కోర్టుకు పెడితే అది మీరు సృష్టించిన దస్తావేజు అవుతుంది. 2014 నాటి సిరా ఒక చోట, 2025 నాటి రాత ఒక చోట ఉంటే నిపుణుడికి పంపమని వాళ్లు పిటిషన్ వేస్తారు. ఫోర్జరీ కేసులో ముద్దాయిగా మీరు నిలబడాల్సి రావచ్చు. నిజాయితీగా 2014 తేదీ వేశారే అనుకోండి, ఆ నోటుకు 2017లోనే కాలదోషం పట్టింది. పైగా నోటంటే అప్పు. మీరు అప్పిచ్చిన మనిషైతే 40 పాళ్ల భాగస్వామి కారు. రెండూ ఒకే నోటితో చెప్పలేరు. మీరు పంపిన చిట్టా పేజీలోనే జవాబుంది. 2017 మార్చి పేజీలో, హమాలీ కూలీ, గోనె సంచుల ఖర్చు పద్దుల మధ్య ‘బావకి లాభం వాటా 2,00,000’ అని అతని చేతిరాత, కింద మీ సంతకం. ఇంత మంచి సాక్ష్యం చేతిలో ఉండగా దాన్ని చెరిపేసే నోటు ఎందుకు? ఆ నోటును ఉన్నది ఉన్నట్టు కవరులో పెట్టి పక్కన పెట్టండి.

చీటింగ్ కేసు కూడా నిలబడదు. మోసం చేయాలన్న ఉద్దేశం డబ్బు తీసుకున్న నాడే ఉండాలి. ఐదేళ్లు వరసగా లాభం పంచినవాడికి ఆ ఉద్దేశం ఉందని ఎలా చూపిస్తారు? సంస్థ సొత్తును భాగస్వామి వాడుకుంటే, ప్రత్యేకంగా అతనికి అప్పగించిన ఒప్పందం ఉంటే తప్ప నమ్మకద్రోహం నేరం కాదని సుప్రీంకోర్టు 1964లోనే చెప్పింది. స్టేషన్‌లో పెద్దమనుషుల పంచాయితీ పెట్టించుకుని నెలలు పోగొట్టుకుంటారు. ఆ నెలలే మీకు లేవు.

మరి దారేమిటి? మీ సంస్థకు రిజిస్ట్రేషన్ లేదు. కాబట్టి ‘85 లక్షలు ఇప్పించండి’ అని మామూలు డబ్బు దావా వేస్తే భాగస్వామ్య చట్టం 69వ సెక్షన్ అడ్డుపడుతుంది, గుమ్మంలోనే కొట్టేస్తారు. కానీ అదే సెక్షన్, రద్దు కోరుతూ వేసే దావాకూ, రద్దయిన సంస్థ లెక్కల కోసం వేసే దావాకూ మినహాయింపు ఇచ్చింది. మీ దావా ఆ రూపంలోనే ఉండాలి. మీ వాటా విలువ అంచనాగా చూపి కోర్టు ఫీజు కట్టాలి. 85 లక్షలని రాసుకుంటే ఆ 85 మీదా కట్టాలి, జాగ్రత్త. కోర్టు ముందు ప్రిలిమినరీ డిక్రీ (తొలి తీర్పు) ఇచ్చి, కమిషనర్‌తో లెక్కలు చూపిస్తుంది. చివరికి ఎక్కువ తేలితే తేడా ఫీజు అప్పుడు కట్టవచ్చు.

గడువు లేని భాగస్వామ్యాన్ని 43వ సెక్షన్ కింద రాతపూర్వక నోటీసుతో రద్దు చేయాలి. నోటిమాట చాలదు. మీరు ఇప్పటివరకు అలాంటి నోటీసు ఇవ్వలేదు గనుక సంస్థ ఇంకా సజీవంగానే ఉందని వాదించవచ్చు. కానీ యాసంగితో మిల్లు ఆగడంతో, ఆ తర్వాతి దసరా నాటి మాటలతో ఇద్దరి సమ్మతి మీదే రద్దయిందని వాళ్లు అంటారు. 2022 దసరా అక్టోబర్ 5. మూడేళ్లంటే 2025 అక్టోబర్ 5. ఆ రోజు ఆదివారం, పైగా దసరా సెలవుల రోజులు. చివరి రోజు సెలవైతే కోర్టు తెరిచిన రోజు వేయవచ్చని చట్టం ఉన్నా, దాని మీద ఆధారపడకండి. 2025 ఆగస్టు దాటకుండా దావా నంబరు పడాలి. అప్పుడు రద్దు దసరా నాడే జరిగిందన్నా మీరు గడువులోనే ఉంటారు. 2019 అంటే మాత్రం కాదు.

2019ని పడగొట్టడానికి 2022 దాకా మిల్లు ఆడిందని చూపాలి. కరెంటు బిల్లులు, జీఎస్‌టీ రిటర్నులు, సీఎంఆర్ ఒప్పందాలు, సంస్థ కరెంట్ అకౌంట్ స్టేట్‌మెంట్లు, సంస్థ ఆదాయపు పన్ను రిటర్నులు, వాటితో ఉండే బ్యాలెన్స్ షీట్లు కావాలి. బ్యాలెన్స్ షీటులో మీ పేరిట పెట్టుబడి ఖాతా కొనసాగుతూ, దాని మీద బావమరిది సంతకం ఉంటే అంతకు మించిన కాగితం లేదు. పుస్తకాలు చూసి నకలు తీసుకునే హక్కు భాగస్వామిగా మీకు 12వ సెక్షన్ ఇచ్చింది. పదకొండేళ్లలో ఒక్కసారైనా బ్యాలెన్స్ షీటు అడిగారా మాస్టారూ? పిల్లల మార్కుల రిజిస్టరు కంటికి రెప్పలా చూసుకున్న మీరు, 20 లక్షల లెక్క మాత్రం ‘బావా’ అన్న పిలుపుకు వదిలేశారు. ఇప్పుడైనా రాతపూర్వకంగా అడగండి. వాట్సాప్‌లో అతను ఏమైనా రాసి ఉంటే ఆ ఫోన్ మార్చకండి. భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్‌తో అది సాక్ష్యంగా వెళ్తుంది. అయితే సంతకం లేని మెసేజ్‌తో గడువు పొడిగిందని మాత్రం నమ్ముకోవద్దు.

ఇది కమర్షియల్ వివాదం, విలువ 3 లక్షలు దాటింది. కాబట్టి దావాకు ముందు న్యాయసేవాధికార సంస్థ ద్వారా మధ్యవర్తిత్వం తప్పనిసరి. మూడు నెలలు పడుతుంది, ఇద్దరూ ఒప్పుకుంటే ఇంకో రెండు. ఆ కాలం గడువులోంచి తీసేస్తారు. సార్టెక్స్ మిషన్ నిజంగానే అమ్ముతుంటే, అమ్మకుండా ఇంజంక్షన్, రిసీవర్ (ఆస్తిని చూసుకోవడానికి కోర్టు నియమించే మనిషి) కోరుతూ నేరుగా దావా వేయవచ్చు. దానికి కొనేవాడి పేరో, బేరం మాటో ఏదో ఒక ఆధారం ఉండాలి. ‘విన్నాను’ అంటే కుదరదు. ఒప్పందం చివర్లో తగవును కోర్టుకు కాకుండా ఆర్బిట్రేటర్‌కు (తీర్పు చెప్పే మధ్యవర్తికి) నివేదించాలన్న షరతు ఉందేమో కూడా చూడండి. ఉంటే దారి మారుతుంది, ఆర్బిట్రేషన్ నోటీసు అతనికి అందిన రోజుతో గడువు ఆగుతుంది.

మధ్యవర్తి ముందు కూర్చున్నప్పుడు మీ అబ్బాయి ఎక్సెల్ పనికొస్తుంది. అతను ‘ఏటా 5 లక్షలు, నాలుగేళ్లలో 20 లక్షలు ఇస్తా’ అంటే, 8 శాతం రేటున ఇవాళ్టి విలువ 16 లక్షల 56 వేలు. ‘ఇప్పుడే 17 లక్షలు తీసుకో’ అంటే అదే మేలు, పైగా ఎగవేత భయం లేదు. ఇలాంటి చోట ఆ పిల్లవాడి చదువును వాడుకోండి.

ఈ వారంలోనే, చిట్టా పుస్తకం మీ దగ్గరే ఉంటే, అన్ని పేజీలూ జిరాక్స్ తీయించి, అసలు మీ బీరువాలో పెట్టండి. ఒప్పందం, బ్యాంకు పాస్‌బుక్కు, ఆ జిరాక్సులు పట్టుకుని నల్లగొండలో సివిల్ చేసే లాయరు దగ్గరికి వెళ్లి 43వ సెక్షన్ నోటీసు రాయించండి. అందులో వ్యాపారం ఎప్పుడు ఆగిందన్న చోట 2022 యాసంగి అని, మీరు చూసింది చూసినట్టు ఉండాలి. స్పీడ్ పోస్టులో అక్నాలెడ్జ్‌మెంటుతో పంపండి. అదే రద్దు సంగతిని గెజిట్‌లోనూ, జిల్లాలో తిరిగే ఒక తెలుగు దినపత్రికలోనూ ప్రకటన ఇప్పించండి. అది రాకుంటే ఇకపై అతను సంస్థ పేరిట చేసే అప్పుకు మీరూ జవాబుదారీ అవుతారు.