బోరులో నీళ్లు దిగనివ్వకు

తార్నాక,
హైదరాబాద్.

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నిన్న ఫోనులో నీ కంగారు విన్నాను. విజయవాడకు దిగువన, కృష్ణా డెల్టాలో సైటు. పదిహేను మీటర్ల లోతు దాకా ఇసుక, వండ్రు. భూకంపం వస్తే ఆ నేల ద్రవీకరణకు, అంటే నీళ్లలో నానిన ఇసుక కుదుపుకి జావలా మారడానికి, తట్టుకుంటుందా లేదా తేల్చి చెప్పాలి. ఎక్సెల్ షీటు ఆఫీసులో సిద్ధంగా ఉంది, అంకెలు వేస్తే చాలు అన్నావు. ఆ మాట దగ్గరే నాకు భయం వేసింది. ఆ అంకెలు ఎక్కడ పుడతాయో ముందు వెళ్లి చూడమ్మా.

హైదరాబాద్‌లో పని నేర్చుకున్న మనకు ఈ విషయంలో ఒక లోటు ఉంది. మన కాళ్ల కింద గ్రానైటు, దాని మీద మొరం. పూడ్చేసిన చెరువులను పక్కన పెడితే ఇక్కడ ద్రవీకరణ గురించి నిద్ర పాడుచేసుకోవలసిన చోట్లు తక్కువ. 2024 డిసెంబరు 4న ములుగులో 5.3 తీవ్రతతో భూమి కంపిస్తే ఇక్కడా తెలిసింది, అంతే. నీటిలో నానిన వదులు ఇసుక సంగతి మనం పుస్తకాల్లోనే చదువుకున్నాం.

మీ అమ్మమ్మ మానికలో బియ్యం పోసి కుదిపేది, గుర్తుందా? గింజలు సర్దుకుని మట్టం దిగేది. వదులు ఇసుకా అంతే. కానీ సందుల్లో నీళ్లుంటే గింజలు సర్దుకోవడానికి చోటుండదు. భూకంపం కుదుపుకి అంత తొందరగా నీళ్లు బయటికి పోలేవు. గింజలు మోస్తున్న బరువు నీటి మీద పడుతుంది, నేల జావలా మారుతుంది. 1964లో జపాన్‌లోని నీగాటాలో అపార్టుమెంట్లు పెద్దగా విరగకుండానే పక్కకు ఒరిగిపోయింది ఇందుకే. 2001 భుజ్ భూకంపంలో కాండ్లా రేవులోని టవరు పైల్స్ మీద, అంటే నేలలోకి లోతుగా దించిన స్తంభాల మీద, కట్టినదే అయినా ఒరిగింది. పైల్స్ వేశాం కదా అని ఎవరైనా ధీమాగా అంటే ఆ టవరును గుర్తు చెయ్యి.

ఇక ఎస్పీటీ, అంటే బోరు అడుగున రాడ్ల చివరి గొట్టాన్ని సుత్తితో కొట్టి దించి నేల గట్టిదనం చూసే పరీక్ష. 63.5 కిలోల సుత్తి, 75 సెంటీమీటర్ల ఎత్తు, మొదటి 15 సెంటీమీటర్ల దెబ్బలు వదిలేసి తర్వాతి 30కి పడ్డ దెబ్బల లెక్కే ఎన్ విలువ. ఇది నీకు తెలుసు. నీకు తెలియనిది ఆ దెబ్బలు వేసే మనిషి. మధ్యాహ్నం మూడింటికి చెయ్యి అలిసిపోతే ఎత్తు 75 నుంచి 60కి జారుతుంది. సుత్తి శక్తి తగ్గితే దెబ్బలు పెరుగుతాయి, నేల గట్టిదైనట్టు కాగితం మీద కనిపిస్తుంది. టేపు పెట్టి కొలువు, రాడ్డు మీద సుద్దగీత గీయించు.

అంతకంటే పెద్ద మోసం నీళ్లది. బయట నేలలోని నీటిమట్టం కంటే బోరులో నీళ్లు కిందికి దిగితే, అడుగునుంచి నీరు ఎగదన్ని ఇసుకను వదులు చేస్తుంది. నేను దీనికి బలయ్యాను. ఒక డెల్టా సైటులో ఏడు మీటర్ల దగ్గర ఎన్ విలువలు 4, 5 వచ్చాయి. నేల మొత్తాన్ని గట్టిపరచాలని రిపోర్టు రాసేశాను. ఎందుకో అనుమానం వచ్చి, బెంటొనైట్ బంకమట్టి ద్రావణం నిండుగా ఉంచి పక్కనే మళ్లీ బోరు వేయిస్తే 16 వచ్చింది. ఆ మొదటి రిపోర్టు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. రాడ్లు దింపినప్పుడు బోరు లోతుకీ రాడ్ల పొడవుకీ తేడా వస్తే అడుగున ఇసుక పొంగిందన్నమాట. ఆ ఎన్ విలువ కొట్టెయ్యి. బోరు వివరాలు అక్కడికక్కడే రాసుకునే లాగ్ షీటు బురద మరక ఒక్కటీ లేకుండా వస్తే అది సాయంత్రం గదిలో కూర్చుని రాసిందని అర్థం.

ఇప్పుడు లెక్క. సీడ్, ఇద్రిస్ అనే ఇంజనీర్లు 1971లో చెప్పిన పద్ధతే మన భూకంప ప్రమాణం ఐ.ఎస్. 1893 (2016 కూర్పు) అనుబంధంలోనూ ఉంది: భూకంపం నేలమీద పెట్టే ఒత్తిడి నిష్పత్తి ఒక పక్క, నేల తట్టుకునే నిష్పత్తి మరో పక్క. మొదటిది రెండోదాన్ని మించితే నేల ఫెయిలైనట్టు. ఆ కూర్పు ప్రకారం విజయవాడ మూడో భూకంప జోను, దాని గుణకం 0.16. ఆరు మీటర్ల లోతు తీసుకో. మే నెలలో నీళ్లు నాలుగు మీటర్ల కింద ఉంటే ఒత్తిడి నిష్పత్తి సుమారు 0.12. వానాకాలంలో ఒకటిన్నర మీటరుకు వస్తే 0.16. సవరించిన ఎన్ విలువ 12 ఉన్న శుభ్రమైన ఇసుక, 7.5 తీవ్రతకు తట్టుకునేది 0.13. అంటే ఎండాకాలంలో పాసైన నేలే శ్రావణమాసంలో ఫెయిలవుతుంది. అందుకని ఒత్తిడి లెక్కకు వానాకాలపు మట్టం వాడు. ఎన్ విలువను సవరించేటప్పుడు మాత్రం బోరు వేసిన రోజు మట్టమే వాడాలి. ఈ రెండూ కలిపేసేవాళ్లను చాలామందిని చూశాను, పెద్ద డిగ్రీలవాళ్లను కూడా.

తీవ్రత సంగతి మరిచిపోకు. 7.5 బదులు 6.5 తీసుకుంటే నేల తట్టుకునే శక్తి దాదాపు నలభై శాతం పెరిగినట్టు లెక్క వస్తుంది. అందుకే క్లయింటుకు ఆ సవరణ చాలా ఇష్టం. తీవ్రత ఎందుకు తగ్గించావో రిపోర్టులో రాయగలిగితేనే తగ్గించు.

వండ్రు దగ్గర ఇంకో చిక్కు. సన్నమట్టి ఎక్కువుంటే భయం లేదని పాతవాళ్లు అనేవారు. 1999లో టర్కీలోని అదపజారిలో వండ్రు నేలల మీది భవనాలు కుంగాక ఆ నమ్మకం పోయింది. 75 మైక్రాన్ల జల్లెడ దాటిన శాతం ఒక్కటే చాలదు, ప్లాస్టిసిటీ, అంటే తడిమట్టి విరగకుండా సాగే గుణం, కూడా చూడాలి. వేళ్లతో తాడులా పేనితే పేనుకోని వండ్రు ఇసుక జాతిదే అనుకో. ల్యాబు రిపోర్టు వచ్చేలోపు ఈ చేతి పరీక్ష పనికొస్తుంది.

వీలైతే రెండు మూడు చోట్ల కోన్ పరీక్ష, అంటే శంకువు మొనను నేలలోకి నొక్కి కొలిచే పరీక్ష, అడుగు. ఎస్పీటీ మీటరున్నరకొకసారి పలకరిస్తుంది, మధ్యలో అరమీటరు వదులు పొర దాక్కుంటే దొరకదు. కోన్ ఆగకుండా చదువుతూ దిగుతుంది. డబ్బు లేదంటారు. రెండోసారి కూడా అడుగు.

ఎల్లుండి బోరు వేసే రిగ్ ఎక్కిస్తున్నారు కదా. టేపు, సుద్దముక్క, నీటిమట్టం కొలవడానికి బరువు కట్టిన తాడు సంచిలో పెట్టుకో. మొదటి బోరు లాగ్ షీటు ఫోటో తీసి పంపు, ఎంత రాత్రయినా చూస్తాను.

మీ మామయ్య