మండల కేంద్రం దాటాక పోస్టే దిక్కు

"ఒరిజినల్ సర్టిఫికెట్లు ఊళ్లో ఉన్న తమ్ముడికి పంపాలి. స్పీడ్ పోస్టును నమ్మొచ్చా, డబ్బెక్కువైనా ప్రైవేటు కొరియరే మేలా?" అని అడిగారు. మీ తమ్ముడు టౌన్లో ఉంటే ఏది పట్టుకెళ్లినా ఒకటే. మండల కేంద్రం దాటి లోపలికి ఉంటే మాత్రం ఆలోచించకండి, పోస్టులో పంపండి. మా ఇంట్లో జరిగినదాన్ని బట్టి చెబుతున్నాను.

మాది చింతపల్లి వైపు ఊరు. ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లా, అప్పట్లో విశాఖపట్నం జిల్లా. నర్సీపట్నంలో బస్సెక్కి, ఘాట్ రోడ్డు మీదుగా లంబసింగి దాటితే చింతపల్లి. అక్కణ్ణుంచి మా ఊరికి ఇంకో 14 కిలోమీటర్లు, మధ్యలో ఒక గెడ్డ, అంటే వాగు. వానలు పట్టాయంటే ఆ గెడ్డ ఎప్పుడు దారి ఇస్తుందో ఎప్పుడు ఇవ్వదో చెప్పలేం.

2019 ఆగస్టులో మా చెల్లికి ఒక ఉద్యోగానికి సర్టిఫికెట్ల పరిశీలన ఉందని పిలుపొచ్చింది. పన్నెండు రోజుల గడువు. పదో తరగతి నుంచి డిగ్రీ దాకా ఒరిజినల్స్ అన్నీ హైదరాబాదులో నా దగ్గరే ఉన్నాయి, అంతకుముందు ఏదో స్కాలర్‌షిప్ పనికని తెచ్చుకున్నాను. నాకు సెలవు దొరకలేదు. అప్పుడు నేను చేసిన పని ఇది: విలువైనవి కదా అని ఒరిజినల్స్‌ను కొరియర్లో పంపాను. వాటి జిరాక్సులు మూడు సెట్లు, ఫొటోలు, పూర్తిచేసిన దరఖాస్తు మాత్రం స్పీడ్ పోస్టులో వేశాను, పోయినా మళ్లీ తీయించుకోవచ్చని. రెండూ ఒకే రోజు, గంట తేడాలో. కొరియర్‌కు అయినదాంట్లో సగం కూడా కాలేదు పోస్టుకు.

మూడో రోజు మధ్యాహ్నం కొరియర్ వాళ్ల సైటులో 'డెలివర్డ్' అని చూపించింది. కింద ఎవరిదో గీతలాంటి సంతకం. సంతోషంగా ఇంటికి ఫోన్ చేస్తే నాన్న, "ఏ కవరురా? ఇక్కడికెవలూ రానేదు" అన్నారు. చెల్లి ఇంట్లోనే ఉంది, అమ్మ ఇంట్లోనే ఉంది. ఊరు మొత్తం మీద అరవై గడపలు. కొత్త మనిషి బండేసుకుని వస్తే పిల్లలే వెనకాల పరిగెత్తుతారు, తెలియకుండా ఎలా ఉంటుంది?

రసీదు మీదున్న నంబరుకు ఫోన్ చేస్తే హైదరాబాదు వాళ్లు నర్సీపట్నం నంబరిచ్చారు. నర్సీపట్నంలో ఎత్తినతను, "ఆ లోపలికి మాకు సర్వీసు లేదండి, ఇక్కడికొచ్చి తీసుకెళ్లమనండి" అన్నాడు. సర్వీసు లేనప్పుడు హైదరాబాదులో డబ్బులు కట్టించుకుని ఎందుకు తీసుకున్నారని అడిగాను. "బుకింగ్ వాళ్లని అడగండి" అన్నాడు. మరి డెలివర్డ్ అని ఎందుకు పెట్టారు? "క్లోజ్ చెయ్యకపోతే మాకు పెనాల్టీ పడుద్దండి" అన్నాడు. ఈ మాట నేను ఏళ్ల తరబడి మర్చిపోలేదు. అతని మీద కోపం కూడా రాలేదు, జీతం కోతకు భయపడే కుర్రాడు. పై వాళ్లు ఒక అంకె అడిగారు, అతను ఆ అంకె ఇచ్చాడు. మా చెల్లి పదేళ్ల చదువు మాత్రం ఆ దుకాణంలో బల్ల కింద ఉంది.

మర్నాడు పొద్దున్నే నాన్న బయల్దేరారు. గెడ్డ దాటడానికి నడక, చింతపల్లి దాకా జీపు, నర్సీపట్నం దాకా బస్సు. అరవై రెండేళ్ల మనిషి, మోకాలి నొప్పి. తీరా వెళితే దుకాణానికి తాళం. పక్క కిరాణా కొట్టాయన, "కుర్రోడు అనకాపల్లి యెళ్లాడు, రేపొస్తాడు" అన్నాడట. నాన్న ఆ రాత్రి బస్టాండు బెంచీ మీదే పడుకున్నారు. ఆ సంగతి నాకు నెల తర్వాత అమ్మ చెబితే తెలిసింది.

ఇక స్పీడ్ పోస్టు సంగతి. దాని సైటు చూస్తే నాలుగో రోజు రాత్రికి కూడా ఇంకా చేరలేదనే ఉంది. ఇదీ పోయిందనుకున్నాను. చెల్లికి ఫోన్ చేస్తే, "అన్నయ్యా, అది సాయంత్రమే వొచ్చీసింది, పోస్టు బాబాయి ఇచ్చీసి వెళ్లారు" అంది. జరిగింది ఏమిటంటే, మా బ్రాంచి పోస్టాఫీసుకు ఇచ్చిన చేతి మిషనుకు ఊళ్లో సిగ్నల్ ఉండదు. బాబాయి ముందు కవరు ఇచ్చి సంతకం పెట్టించుకుని, మర్నాడు గుట్టెక్కి సిగ్నల్ అందాక ఎక్కించారు. ఒక సైటులో చేరింది అని ఉంది, కవరు లేదు. ఇంకో సైటులో చేరలేదు అని ఉంది, కవరు చేతిలో ఉంది. ఏది నమ్మకమైనదని మీరు అడిగారు కదా, నా జవాబు అదే.

ఆ రోజు వాన. గెడ్డలో మోకాలి లోతు నీళ్లు. బాబాయి సంచిని పాలిథిన్‌లో చుట్టి నెత్తిన పెట్టుకుని దాటారని చెల్లి చెప్పింది. ఇంటికొచ్చి, తల తుడుచుకోకుండానే, "సదువు కాయితాల్నాగున్నాయమ్మా, సూసుకో, తడిసినాయేటో" అన్నారట. కవరు మీద ఏమీ రాసి లేదు. పట్టుకుంటే ఆయనకు తెలుస్తుంది. ముప్ఫై ఏళ్లుగా ఆ ఊళ్లకు హాల్ టికెట్లు, మనియార్డర్లు, బ్యాంకు నోటీసులు మోసిన చేతులవి.

కొరియర్ కవరు చివరికి ఆరో రోజున నాన్న చేతికొచ్చింది. ఉద్యోగం సంగతి వేరే కథ, పరిశీలనకైతే వెళ్లగలిగింది.

తర్వాత ఆ కొరియర్ రసీదు తిప్పి చూశాను. వెనక చీమ తలకాయంత అక్షరాల్లో, పోతే 100 రూపాయలకు మించి బాధ్యత లేదని ఉంది. న్యాయంగా చెప్పాలంటే తపాలా శాఖ కూడా ఇందులో గొప్పదేమీ కాదు. స్పీడ్ పోస్టు పోతే కట్టిన రుసుముకు రెట్టింపు లేదా 1,000 రూపాయలు, రెండిట్లో ఏది తక్కువైతే అది ఇస్తామనే నిబంధన. ఎవరు పోగొట్టినా మన డిగ్రీ పట్టాకు విలువ కట్టేవాడు లేడు. అందుకే పోయాక ఎంతిస్తారో లెక్కేయకుండా, పోకుండా ఇంటి గుమ్మం దాకా వచ్చేదెవరో చూసుకోండి.

నాకు ఇంకో కడుపుమంట ఉంది. కొరియర్ కవరు మీద పిన్‌కోడ్ రాయకపోతే వాళ్లు తీసుకోరు. ఆ ఆరంకెల పిన్ ఎవరిది? తపాలా శాఖది. 1972 ఆగస్టు 15న మొదలైంది. చివరి మూడంకెలు బట్వాడా చేసే పోస్టాఫీసును చెబుతాయి. ఊరూరికీ నంబరు కేటాయించి, మనిషిని పెట్టి, సంచి పంపేది ఒకరు. ఆ నంబరు వాడుకుని, ఖర్చు గిట్టే ఊళ్లకు మాత్రం వెళ్లి, గిట్టని ఊళ్లకు 'అవుట్ ఆఫ్ డెలివరీ ఏరియా' అని ముద్ర వేసేది ఇంకొకరు. దేశంలో లక్షా 64 వేలకు పైగా పోస్టాఫీసులుంటే పదింట తొమ్మిది పల్లెల్లోనే ఉన్నాయి. లాభం చూసుకునేవాడెవడూ ఇన్ని పెట్టడు. అలాగని హైదరాబాదులో కూర్చుని "పోస్టు డిపార్టుమెంటు దండగ" అనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మీ పాస్‌పోర్టు ఇంటికి స్పీడ్ పోస్టులోనే కదండీ వచ్చింది.

ఇంతా చేసి ఆ చివరి మనిషికి దక్కేదేమిటో చాలామందికి తెలియదు. మా పోస్టు బాబాయి ప్రభుత్వోద్యోగి అనుకుంటారు అందరూ. ఆయన గ్రామీణ డాక్ సేవక్. మా నాన్న తరం ఇప్పటికీ 'ఈడీ పోస్టుమాస్టారు' అనే అంటుంది, ఈడీ అంటే ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్, శాఖకు బయటి మనిషని. కాగితం మీద ఆయన పని రోజుకు నాలుగైదు గంటలే, అందుకే ఇచ్చేదాన్ని జీతం అనరు, అలవెన్సు అంటారు. 2018 జులైలో సవరించాక నాలుగు గంటల బ్రాంచి పోస్టుమాస్టరుకు మొదలు 12,000 రూపాయలు, పైన కరువు భత్యం. పోస్టాఫీసుకు చోటు కూడా ఆయనే చూపించాలి. మా ఊళ్లో అది బాబాయి ఇంటి వీధి అరుగు మీద ఒక బల్ల, ఒక ఇనప్పెట్టె, గోడకు ఎర్ర డబ్బా. నాలుగు గంటలని రాసుకున్నారు గానీ, గెడ్డ పొంగిన రోజు ఒక్క బట్వాడాకే నాలుగు గంటలు పోతాయి. మిగతా కేంద్ర ఉద్యోగులకొచ్చే పెన్షన్ వీళ్లకు లేదు. అరవై ఐదేళ్లు నిండాక ఇంటికి. వీళ్లను శాఖ ఉద్యోగులుగా గుర్తించాలని సంఘాలు ఎన్నేళ్లుగానో అడుగుతున్నాయి. నమ్మకం గురించి మాట్లాడేటప్పుడు ముందు మాట్లాడాల్సింది ఈ మనిషి గురించి. ఈయన పని మానేస్తే మా ఊరికి ఏ యాప్ వచ్చి కవరు ఇస్తుంది?

శాఖ మీద కూడా నాకు ఒక బాధ ఉంది. 2025లో రిజిస్టర్డ్ పోస్టును విడిగా లేకుండా స్పీడ్ పోస్టులో కలిపేశారు. అంతకుముందు మామూలు ఉత్తరాన్ని, పన్ను కాక, 22 రూపాయలకు రిజిస్టరు చేసి పంపేవాళ్లం. ఆ ఏడాది అక్టోబరు నుంచి కొత్త రేట్లొచ్చాయి, ఊరు దాటితే 50 గ్రాముల లోపు కవరుకే 47 రూపాయలు, పైన పన్ను, రిజిస్ట్రేషన్ కావాలంటే దానికి ఇంకో 5. సామాన్లు అమ్ముకునే వ్యాపారికి ఇది లెక్కలోది కాదు. భూమి తగాదాలో నోటీసు పంపుకునే రైతుకు, అర్జీ మీద అర్జీ పెట్టుకునే ముసలమ్మకు లెక్కే. రిజిస్టరు చేసి పంపితే సరైన అడ్రసుకు అందినట్టేనని 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం నుంచీ కోర్టులు చూస్తున్నాయి. పేదవాడి చేతిలో అంత చవకైన సాక్ష్యం ఇంకోటి ఉండేది కాదు. వేగం పెరిగింది, ఓటీపీ వచ్చింది అంటున్నారు, మంచిదే. కానీ ఆ 22 రూపాయల దారిని అలాగే ఉంచాల్సింది.

కొరియర్ ఎప్పుడూ వద్దనను. హైదరాబాదు నుంచి విజయవాడకో బెంగళూరుకో, ఆఫీసు నుంచి ఆఫీసుకో అయితే వాళ్లే నయం, ఇంటికొచ్చి తీసుకెళ్తారు, సాయంత్రం ఏడైనా బుక్ చేసుకుంటారు. పచ్చడి జాడీలు, మామిడిపళ్ల బుట్టలైతే నేను రెండూ వాడను, ఆర్టీసీ కార్గోలో వేస్తాను. బస్సు నంబరు చెబితే మనవాళ్లే వెళ్లి దింపుకుంటారు.

మీ తమ్ముడి విషయానికొస్తే, అడ్రసులో ఊరి పేరుతో ఆగకండి. ముందు బ్రాంచి పోస్టాఫీసు పేరు, పక్కన బీఓ అని, తర్వాత దాని పై సబ్ పోస్టాఫీసు పేరు, పక్కన ఎస్ఓ అని, పిన్ రాయండి. పక్క ఊరి బ్రాంచి కింద మీ ఊరు వస్తుందేమో తమ్ముడిని అడిగి కనుక్కోండి, చాలా కవర్లు ఇక్కడే దారి తప్పుతాయి. ఫోన్ నంబరు పెద్దగా రాయండి. సర్టిఫికెట్లు మడవకుండా రెండు అట్టల మధ్య పెట్టి, మీద ప్లాస్టిక్ కవరు చుట్టి, ఆ పైన గుడ్డ కవరు వేయండి. పంపేముందు అన్నీ స్కాన్ చేసుకోండి. పోస్టులో వేశాక తమ్ముడిని ఒకసారి పోస్టుమాస్టారి దగ్గరికి వెళ్లి "నా పేర కవరొస్తుంది బాబాయ్" అని చెప్పి రమ్మనండి.