కొల్లాయిడల్ సిల్వర్ తాగితే పేగుల్లో చెడు బ్యాక్టీరియా ఒక్కటే చస్తుందా?

లేదు. కొల్లాయిడల్ సిల్వర్ అంటే వెండి సూక్ష్మ రేణువులు కలిపిన నీళ్లు; అలా ఏరి చంపే తెలివి వెండికి లేదు. వెండి అయాన్లు (విద్యుదావేశమున్న వెండి పరమాణువులు) ప్రోటీన్లలోని గంధకానికి అతుక్కుని ఎంజైములను పనిచేయనివ్వవు. ఆ గంధకం మంచి బ్యాక్టీరియా అయిన లాక్టోబాసిల్లస్‌లోనూ ఉంది, రోగం తెచ్చే సాల్మొనెల్లాలోనూ ఉంది. పైగా సాల్మొనెల్లా, రోగం తెచ్చే మరో బ్యాక్టీరియా క్లెబ్సియెల్లా రకాల్లో కొన్నిటికి వెండిని బయటికి తోసేసే జన్యువులున్నాయి. మంచివి పోయి మొండివి మిగలొచ్చన్నమాట.

10 పీపీఎం (లీటరుకు 10 మిల్లీగ్రాముల వెండి) ద్రావణం 5 మి.లీ. తాగితే లోపలికెళ్లేది 50 మైక్రోగ్రాముల వెండి. కడుపులోని ఆమ్లంలో క్లోరైడ్ తగలగానే అయాన్లలో చాలా భాగం కరగని సిల్వర్ క్లోరైడ్ అయిపోతుంది. ఒంట్లోకి ఇంకింది మాత్రం, నెలల తరబడి తాగితే చర్మంలో పేరుకుని నీలిబూడిద రంగు తేవచ్చు. ఆ రంగు సాధారణంగా పోదు. థైరాక్సిన్ (థైరాయిడ్ మందు), టెట్రాసైక్లిన్ (యాంటీబయాటిక్) వాడేవాళ్లకు ఆ మందులు సరిగా వంటబట్టకపోవచ్చు కూడా. విరేచనాలకైతే ఓఆర్ఎస్ తాగండి, వెండినీళ్లు కాదు.